‘నే’ వచ్చిందంటే కర్మను చూడండి

ప్రశ్న: హిందీ నేర్చుకుంటున్నాను. వర్తమానం, భవిష్యత్తు బాగానే వచ్చాయి. భూతకాలం అంటేనే టెన్షన్. ‘రవి నే కితాబ్ పఢీ’ అంటారేమిటండీ? చదివింది మగవాడు కదా, ‘పఢా’ అనొద్దూ?
– ఒక పాఠకురాలు

జవాబు: మంచి ప్రశ్న వేశారమ్మా. హిందీ పాఠం చెప్పే ప్రతిచోటా నాకిది ఎదురవుతుంది. తెలుగులో కర్త ఎవరైతే క్రియ వాళ్లదే: రవి చదివాడు, లత చదివింది. ఆ అలవాటే ఇక్కడ అడ్డొస్తుంది. హిందీలో సకర్మక క్రియ పూర్తయిన పనిని చెప్పేటప్పుడు కర్తకు ‘నే’ చేరుతుంది, క్రియ కర్మ లింగాన్ని పట్టుకుంటుంది. కితాబ్ స్త్రీలింగం కాబట్టి ‘పఢీ’. అదే లత పత్రిక చదివితే ‘లతా నే అఖ్‌బార్ పఢా’. చదివింది ఆడపిల్లే, అయినా అఖ్‌బార్ పుంలింగం! కర్మకు ‘కో’ తగిలితే ఈ పొంతన కూడా పోతుంది: ‘రవి నే లతా కో దేఖా’ (రవి లతను చూశాడు). ఇక్కడ ‘దేఖీ’ అనకూడదు.

వెళ్లడం, రావడం లాంటి అకర్మకాలతో ఈ గొడవ లేదు: లతా గయీ, రవి ఆయా. ‘చదివేవాడు’ అనే అర్థంలో ‘రవి కితాబ్ పఢతా థా’ అన్నా ‘నే’ రాదు. ‘లానా’ (తేవడం), ‘భూల్నా’ (మరచిపోవడం) మాత్రం కర్మ ఉన్నా ‘నే’ తీసుకోవు: రవి కితాబ్ లాయా.

పట్టికలు బట్టీ పట్టకండి, దయచేసి. కొత్త నామవాచకం కనబడగానే దాన్ని ఒక భూతకాల వాక్యంలో పెట్టి పైకి చదవండి: చిట్ఠీ లిఖీ, ఖత్ లిఖా (రెండూ ఉత్తరం రాయడమే). లింగమూ క్రియా ఒకేసారి నోటికొస్తాయి.