పెరటి కొలిమిలో కత్తి చేస్తే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డిప్లొమా చదివి చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాను. నాలుగు నెలలుగా సరదాకొద్దీ పెరట్లో కొలిమి పెట్టుకుని, లారీ కమాను పట్టీలతో కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి రెండు కూరగాయల కత్తులు, ఒక బొండాల కత్తి తయారయ్యాయి. పాత ఇనుము కొట్టులో రైలు పట్టాలకు బిగించే క్లిప్పులు రెండు కనిపిస్తే అవి కూడా కొన్నాను. లైసెన్సు లేకుండా కత్తులు చేస్తే జైలుకు పోతావని మా బాబాయి అంటున్నారు. మరోపక్క సంక్రాంతికి కోడికత్తులు చేసిపెట్టమని తెలిసినవారు అడుగుతున్నారు. నేను ఎంతవరకు వెళ్లవచ్చు?

జవాబు: మీ బాబాయి గారి భయంలో కొంత నిజం ఉంది గాని, అది మీరు ఇంతవరకు చేసిన మూడు కత్తులకు వర్తించదు. 1959 నాటి ఆయుధాల చట్టం కత్తికి ఎంత పదునుందని కాక, దాన్ని దేనికోసం రూపొందించారని చూస్తుంది. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా రూపొందించిన వస్తువులను సెక్షన్ 2 ఆయుధాలుగా నిర్వచిస్తూ, కేవలం ఇంటి వాడకానికి లేదా వ్యవసాయానికి రూపొందించిన వాటిని ఆ నిర్వచనం నుంచి తప్పించింది. 2016 నాటి ఆయుధాల నియమాల మొదటి షెడ్యూలు, ఐదో కేటగిరీలో అలుగు (పిడి కాక మిగిలిన పదునైన భాగం) 9 అంగుళాలకు మించి పొడవు గాని, 2 అంగుళాలకు మించి వెడల్పు గాని ఉన్న కత్తులు, బాకుల వంటివి చేరినా, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు రూపొందించిన వాటికి అక్కడ కూడా మినహాయింపు ఉంది.

బొండాల కత్తి వెడల్పు 2 అంగుళాలు దాటడం సహజమే. నేను వాదించిన ఒక బొండాల కత్తి కేసులో మహజరులో (పోలీసులు వస్తువును స్వాధీనం చేసుకున్నప్పుడు రాసే పత్రంలో) ఉన్న కొలతలు చూస్తే అది ఆయుధమే అనిపించేది. కాని కత్తిని బల్ల మీద పెట్టినప్పుడు దాని ఒకవైపు పదును, మొద్దుగా ఉన్న కొన, పిడి సందుల్లో ఎండిపోయిన కొబ్బరి పీచు చూసినవారికి అది దేనికి పనికివచ్చే వస్తువో విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. అందుచేత మీరు కూడా పనిముట్టు రూపాన్ని దాటకండి. రెండువైపులా పదునుండి కొన సూదిగా తేలిన బాకు, బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి మీ కొలిమిలో వద్దు. అమ్మడం లేదు కదా, సరదాకే కదా అన్న సమాధానం ఇక్కడ నిలబడదు, ఎందుకంటే లైసెన్సు కావలసిన పనుల్లో అదే చట్టం సెక్షన్ 5 అమ్మకంతోపాటు తయారీని కూడా విడిగా పేర్కొంటుంది. ఆ సెక్షన్‌ను ఉల్లంఘించి ఆయుధం తయారుచేసినట్టు రుజువైతే 2019 సవరణ తరువాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు వెళ్లవచ్చు. ఎప్పుడైనా అటువంటి రూపం చేయాలనిపిస్తే, ఇనుము కాల్చకముందే కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

చేసిన కత్తిని ఎవరికైనా చూపించడానికి తీసుకువెళ్లేటప్పుడు గోనెగుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టుకోండి. 2022 మే నెలలో అమలాపురంలో 144 సెక్షన్ విధించినట్టు ఎక్కడైనా నిషేధాజ్ఞలు అమలులో ఉన్న రోజుల్లో మాత్రం అసలు బయటకు తీయవద్దు. ఇప్పుడు ఆ అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 163 కింద ఉంది.

కోడికత్తుల విషయంలో నా సమాధానం ఒక్కటే: చేయవద్దు. అవి 9 అంగుళాలకు చాలా చిన్నవి కాబట్టి ఇబ్బంది లేదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అయితే ఇక్కడ చిక్కు వేరే చట్టాలతో వస్తుంది. జంతువులను, పక్షులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. పందేలకు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. పందేనికని తెలిసి కత్తి చేసి ఇచ్చినవారు ఆ నేరానికి సహకరించినవారవుతారు. పండుగ ముందు కత్తులు కట్టేవారిని, చేసేవారిని తహశీల్దారు ఎదుట బైండోవర్ చేయడం, అంటే తప్పు చేయబోమని పూచీకత్తు రాయించుకోవడం, మన జిల్లాల్లో ఏటా జరిగేదే. ఉద్యోగం చేసుకుంటున్న మీకు ఆ కాగితం మీద పేరు ఎక్కడం ఎంత మాత్రం మంచిది కాదు.

పిడికి దుప్పి కొమ్ము వాడవద్దు. అడవిలో రాలిపోయి దొరికినదైనా అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకే వస్తుంది. తుమ్మ, టేకు చెక్కలు చాలు. రేపు అమ్మకాలు మొదలుపెడితే, ఇంటి మీటరు మీద గ్రైండరు తిప్పడం అనధికార వినియోగం అవుతుంది, విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టినవి ఆ రెండు క్లిప్పులు. 1966 నాటి రైల్వే ఆస్తి (చట్టవిరుద్ధ స్వాధీనం) చట్టం ప్రకారం, దొంగసొత్తని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే వస్తువు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగానే వచ్చిందని రుజువు చేయవలసిన బాధ్యత మీ మీదే ఉంటుంది. మొదటి నేరానికే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. రైల్వే తుక్కును వేలంలో కూడా అమ్ముతుంది కాబట్టి, కొట్టు యజమాని దగ్గర ఆ వేలం కాగితం ఉందేమో ముందు అడిగి, ఉంటే దాని నకలును మీ పేరున రాసిన బిల్లుతో కలిపి దాచుకోండి. లేకపోతే వాటిని కొలిమిలో పెట్టవద్దు, కాలువలో పారవేయవద్దు, మరొకరికి అమ్మవద్దు. మీ ఊళ్లోని న్యాయవాదిని వెంటబెట్టుకుని, ఎక్కడ, ఏ రోజు, ఎంతకు కొన్నారో రాసిన కాగితంతో సహా దగ్గరలోని రైల్వే రక్షక దళం వారికి అప్పగించి, రసీదు తీసుకోండి. ఈ పని వారం లోపే పూర్తి చేయండి.