చూడ్డానికి వెళ్లొద్దు, ఫోన్ చేయండి

"మా బావగారికి బ్లడ్ క్యాన్సర్‌కు స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అయి నెలన్నర అయింది, ఇంటికి కూడా వచ్చేశారు. మాస్కు వేసుకుని ఒకసారి చూసొస్తే తప్పా?" అని అడిగారు.

తప్పే. వెళ్లకండి.

2019లో మా అన్నయ్యకు ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చినప్పుడు స్టెమ్ సెల్స్ ఇచ్చిన డోనర్‌ని నేనే. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు పెద్ద భయం లేదు. ఫిల్టర్ గాలి వచ్చే గది, రెండు తలుపులు, లోపలికి ఒక్క మనిషి. ట్రాన్స్‌ప్లాంట్ అయిన 16వ రోజున న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు) 500 దాటితే నర్సులు చప్పట్లు కొట్టారు. ఇంటికి పంపగానే మావాళ్లంతా గండం గడిచిందనుకున్నారు. కౌంట్ అయితే వచ్చింది కానీ, ఆ కొత్త కణాలకు ఇంకా పని రాదు. పైగా నా కణాలు అన్నయ్య ఒంటి మీద తిరగబడకుండా సైక్లోస్పోరిన్ ఇస్తారు, అది వాటిని ఇంకా జోకొడుతుంది. డాక్టర్లు మొదటి వంద రోజులూ జాగ్రత్త అని లెక్క చెప్పేది అందుకే. మైలోమా అనే ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్ వాళ్లకు మామూలుగా సొంత కణాలే ఎక్కిస్తారు, వాళ్లకు ఇంత గొడవ ఉండదు.

52వ రోజున తెనాలి నుంచి పెద్దనాన్న మామిడిపళ్ల బుట్టతో దిగారు. మాస్కు ఇచ్చాం. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని గడ్డం కిందకు లాగారు. అదేంటో, మాస్కు ఉంటే మాట వినపడదని మనవాళ్ల నమ్మకం. పది నిమిషాల్లో లేచారు, హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా గుమ్మం దగ్గర తుమ్మారు. ఒంటి తుమ్ము! బయల్దేరేటప్పుడు మంచిది కాదని అమ్మ ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఇంకో పావుగంట, అదే గదిలో.

రెండు రోజులకు రాత్రి ఒంటిగంటప్పుడు జ్వరం 100.8. "డోలో వేసి పడుకోబెడదాం, తెల్లారాక వెళ్దాం" అంటుంది అమ్మ. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో పెద్దక్షరాలతో రాసుంది: 100.4 దాటితే ఏ వేళైనా రావాలి, చెప్పకుండా జ్వరం మాత్ర వేయకూడదు. అమ్మతో గొడవపడి ఆటో పిలిచాను. క్యాజువాల్టీలో ఒక కుర్ర డాక్టరు అన్నయ్యను దగ్గేవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోమన్నాడు. అక్కడ నేను అరిచిన అరుపు నాకే కొత్త. గంటలోపు కల్చర్‌కు (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) రక్తం తీసి యాంటీబయాటిక్ ఎక్కించారు.

కల్చర్‌లో ఏమీ రాలేదు. పీసీఆర్‌లో సీఎంవీ అనే వైరస్ వచ్చింది. పెద్ద డాక్టరుగారు "ఇది ఎవరూ తెచ్చింది కాదమ్మా. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి ఒంట్లో నిద్రపోతుంటుంది. కాపలా తగ్గితే లేస్తుంది. వారం వారం టెస్ట్ చేసేది అందుకే" అన్నారు. ఆ వైరస్‌కు మందు గాన్‌సైక్లోవిర్ ఎక్కించారు, అది కౌంట్‌ను మళ్లీ కిందకు లాగింది. మొత్తం పద్దెనిమిది రోజులు.

అంటే పెద్దనాన్న తప్పేమీ లేదట. డాక్టరుగారు వదిలేశారు, నేను వదల్లేదు. మనకు మూడు రోజుల జలుబు వీళ్లకు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా కాగలదని అదే డాక్టరుగారు చెప్పారుగా! ఆ తుమ్ములో ఏముందో ఎవరు చూశారు?

ఇంకొకటి. అందరూ తిండి గురించే అడుగుతారు. పెరుగు పెట్టొచ్చా, పచ్చడి పెట్టొచ్చా అని. అన్నయ్య పెరుగన్నం కోసం పసిపిల్లాడిలా అలిగిన మాట నిజమే. గాలి గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. మా పై ఫ్లాట్‌లో అప్పుడే టైల్స్ కోత మొదలైంది. అలాంటి దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది, వీళ్ల ఊపిరితిత్తుల్లో పాతుకుపోతే వదిలించడం చాలా కష్టం. అసోసియేషన్ వాళ్లకు చెబితే "కిటికీలు మూసుకోండి మేడమ్" అన్నారు. మూసుకున్నాం, మే నెలలో.

ఏడాదయ్యాక నలభై ఒక్క ఏళ్ల మనిషికి చిన్నపిల్లల టీకాలు మళ్లీ మొదటి నుంచి వేశారు. తట్టు టీకా లాంటి బతికున్న వైరస్ టీకాలకైతే రెండేళ్లు ఆగమన్నారు. పాత రక్షణ అంతగా తుడిచిపెట్టుకుపోతుంది.

మా బాబాయి కొడుకు రెండుసార్లు వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చి, అన్నయ్య గది వైపు కూడా రాకుండా వెళ్లిపోయాడు. మీ బావగారికీ అవసరమేమో మీ అక్కయ్యను ఫోన్‌లో అడగండి. వెళ్తే బ్లడ్‌బ్యాంకు దాకా వెళ్లండి, చాలు.