ధర తగ్గించే ముందు ఇల్లు చూపించే పద్ధతి మార్చండి

ప్రశ్న: మాకు అద్దెకిచ్చిన ఇల్లొకటి ఉంది. మేముంటున్న ఊళ్లో సొంతిల్లు కొనుక్కోవాలని, దాన్ని అమ్మిపెట్టమని మూడు నెలల క్రితం ఒక ఏజెంట్‌కి అప్పగించాం. అక్కడికి మాకు మూడు గంటల ప్రయాణం. నేను లేకుండా ఎవరికీ చూపించొద్దని చెప్పాను కాబట్టి ఆదివారాలే కుదురుతోంది. అద్దెకున్న జంటకు నెలల పాప ఉంది, ఆయనది నైట్ డ్యూటీ. ఇప్పటిదాకా 40 మంది ఫోన్ చేశారని ఏజెంట్ అంటున్నారు. వచ్చి చూసింది మాత్రం 9 మంది. ఒక్కరూ బేరం దాకా రాలేదు. "5 శాతం ధర తగ్గించండి, లేదంటే అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించండి" అంటున్నారు. ఇంటి ధరలో 40 శాతం మేర ఇంకా లోన్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పటికైతే రెండూ వద్దు.

మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను 40, 9 అనే అంకెల దగ్గర ఆగిపోయింది. మీరు అడుగుతున్న ధర ప్రకటనలోనే ఉంది. అది చూసే 40 మంది ఫోన్ చేశారు. ధర మరీ ఎక్కువనిపిస్తే అంతమంది ఫోన్ చేయరు. వాళ్లలో 31 మంది మీ ఇంటి గుమ్మం తొక్కలేదు. చూడని ఇంటికి 5 శాతం తగ్గించినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ముందు ఆ 31 మంది ఎక్కడ జారిపోయారో తెలుసుకోవాలి.

దానికంటే ముందు ఒక చిన్న లెక్క. ఆలస్యానికి భయపడే చాలామంది తొందరపడి ధర తగ్గిస్తారు. ఆలస్యం ఖరీదు ఎంతో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు. ఉత్తరంతో పాటు మీరు పంపిన వివరాలతోనే వేద్దాం. ఇంటి ధర 100 అనుకోండి. లోన్ 40, వడ్డీ 9 శాతం అంటే ఏడాదికి 3.6. మిగతా 60 మీ సొంత డబ్బు. ఇల్లు అమ్ముడుపోయి ఆ డబ్బు చేతికొస్తే 6.5 శాతం రాబడి వచ్చేది అనుకుంటే, ఏడాదికి 3.9 పోతున్నట్టు. పన్ను, మరమ్మతులు, బీమా కలిపి 1.5. మొత్తం 9. అద్దె రూపంలో మీకు 3 వస్తోంది. తీసేస్తే 6. అంటే నెలకు 0.5.

ఇల్లు ఒక నెల ఆలస్యంగా అమ్ముడుపోతే మీకు అయ్యే నష్టం ధరలో అర శాతం. ఒక్క మాటతో 5 శాతం తగ్గిస్తే అది పది నెలల ఆలస్యంతో సమానం. మధ్యలో ఇళ్ల ధరలు పెరగవు, తగ్గవు అనుకుని వేసిన లెక్కే ఇది. అయినా మీకు ఇంకో నెల ఆగి, ఇల్లు చూపించే పద్ధతి సరిచేసుకునేంత వెసులుబాటు ఉందని చెప్పడానికి ఇది చాలు. ఇక ఖాళీ చేయించడం సంగతి. అలా చేస్తే నెలకు మరో 0.25 అద్దె పోతుంది. ఖాళీ ఇల్లు చూపించడం తేలికే, కాదనను. కానీ ఆ తేలిక కోసం ఖర్చును నెలకు అర శాతం నుంచి ముప్పావు శాతానికి పెంచుకోవాలి. నెలల బిడ్డతో ఉన్న కుటుంబాన్ని కదిలించాలి. అంతకంటే చవకైన దారి ఉంది.

ఏజెంట్లు ఇళ్లు చూపించే పని ఎలా నడుస్తుందో చాలామంది యజమానులకు తెలియదు. నాకూ నా ఇల్లు అమ్మేదాకా తెలియలేదు. ఇల్లు కొనాలనుకునే కుటుంబం ఒక్క ఇంటి కోసం బయలుదేరదు. ఒక సెలవురోజో, ఒక సాయంత్రమో ఖాళీ చేసుకుని నాలుగైదు ఇళ్లు వరసగా చూస్తుంది. ఆ వరసను ఏజెంట్ ముందురోజే వేసుకుంటాడు. ఒకే వైపున్న ఇళ్లను పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో ఇంటికి 20 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ప్రయాణానికి కొంత టైమ్ కేటాయిస్తాడు. అందులో ఒక ఇంటి నుంచి జవాబు రాకపోతే వరసంతా ఆపుకుని కూర్చోడు. ఆ ఇంటిని తీసేసి ఇంకోటి పెడతాడు.

నా ఇల్లు అమ్ముతున్నప్పుడు ఏజెంట్ తన డైరీ తెరిచి చూపించాడు. ఒక శనివారం పేజీ అది. పైనుంచి కిందికి పెన్సిల్‌తో 10:00, 10:45, 11:30, 12:15 అని రాసి ఉంది. 11:30 పక్కన మా ఇల్లు. దాని ఎదురుగా "ఓనర్ చెప్పాలి" అని రాసి, మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కనే ఇంకో ఇంటి నంబర్. శుక్రవారం మధ్యాహ్నం అతను నాకు ఫోన్ చేశాడు. నేను మీటింగ్‌లో ఉండి, రాత్రి తిరిగి చేశాను. అప్పటికే వరస ఖాయమైపోయింది. ఆ కుటుంబం మా ఇల్లు చూడకుండానే ఆ వారంలో ఇంకో ఇల్లు ఖాయం చేసుకుంది. ఆ పేజీ చూశాక నేను మళ్లీ ధర తగ్గించే ఆలోచన చేయలేదు. ముందు ఫోన్ విషయం సరిచేసుకున్నాను.

మీ విషయంలో ఈ గొలుసు ఇంకా పొడవు. కొనేవాళ్లు తమ ఏజెంట్‌ని అడగాలి. ఆయన మీ ఏజెంట్‌కి చెప్పాలి. మీ ఏజెంట్ మిమ్మల్ని, అద్దెకున్నవాళ్లను ఇద్దరినీ అడగాలి. అందరూ సరే అంటే మళ్లీ అదే దారిలో జవాబు వెనక్కి వెళ్లాలి. ఎవరో ఒకరు ఫోన్ ఎత్తకపోయినా అక్కడితో ఆగిపోతుంది. పైగా ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువమంది అడుగుతారు. అప్పటిదాకా వెతుకుతూ కూర్చున్నవాళ్లంతా కొత్త ఇల్లు కనబడగానే ఫోన్ చేస్తారు. ఆ రోజుల్లో మీరిచ్చింది వారానికి ఒక్క పూట.

కాబట్టి ప్రతిసారీ అడిగి చెప్పే పద్ధతి మానేయండి. ముందే ఖాయం చేసిన వేళలు పెట్టండి. ఆ వేళలు మీరో, ఏజెంటో నిర్ణయించకండి. అద్దెకున్నవాళ్లను నిర్ణయించమనండి. ఆయన నైట్ డ్యూటీ చేసి ఎన్నింటికి పడుకుంటారో, పాప ఎప్పుడు నిద్రపోతుందో వాళ్లకే తెలుసు. ఉదాహరణకు వారం మధ్యలో రెండు సాయంత్రాలు 5:30 నుంచి 7 దాకా, శనివారం ఉదయం 10 నుంచి 12 దాకా ఉన్నాయనుకోండి. ఆ వేళల్లో ఎవరికైనా ఒకరోజు ముందు మెసేజ్ పెట్టి చూపించొచ్చు. మిగతా సమయాల్లో వాళ్ల తలుపు ఎవరూ తట్టకూడదు. ఇది గట్టిగా పాటించాలి. రోజూ ఎవరో వస్తారేమోనన్న భయంలో బతికే మనిషి ఇల్లు సర్దడు, వచ్చినవాళ్లతో సరిగ్గా మాట్లాడడు. "ఇక్కడ నీళ్లకి ఇబ్బంది" అని ఒక్క మాట అన్నాడంటే మీ పార్టీ మెట్లు దిగి వెళ్లిపోతుంది. తప్పు అతనిది కాదు. ఇల్లు అమ్ముడుపోతే అతనికి కలిసొచ్చేదేమీ లేదు, పైగా ఉన్న చోటు పోతుందేమోనని బెంగ.

అందుకే వాళ్లకూ ఏదో ఒకటి కలిసొచ్చేలా చూడండి. ఇల్లు చూపించే నెలల్లో అద్దెలో పావు వంతు తగ్గించండి. మన లెక్కలో అది నెలకు 0.06. మూడు నెలలకు కలిపినా 0.2 దాటదు. ఏజెంట్ అడుగుతున్న 5తో పోల్చి చూడండి. నేను ఏటా ఎందరికో ఎన్నో లెక్కలు వేసి చూపిస్తుంటాను, ఇంత స్పష్టంగా తేలేవి తక్కువ. ఈ తగ్గింపు, ఆ వేళలు, ఒకరోజు ముందు చెప్పాలన్న షరతు, ఇల్లు అమ్ముడుపోతే వాళ్లకు ఎంత గడువు ఇస్తారన్నది, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. దానికి ముందు మీ అద్దె ఒప్పందం తీసి, ఇల్లు చూపించడం గురించి, ముందస్తు సమాచారం గురించి ఏం రాసుందో చదవండి. అద్దెకున్నవాళ్ల అనుమతి లేకుండా, ఓనర్ కాబట్టి ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చు అనుకోవద్దు.

ఒకే వేళలో ఇద్దరు ముగ్గురు పార్టీలను అరగంట తేడాతో పిలవమని ఏజెంట్‌కి చెప్పండి. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఒక్కసారి సర్దుకుంటే సరిపోతుంది. ఒకరు దిగుతుండగా ఇంకొకరు ఎక్కుతుంటే, ఈ ఇంటిని ఇంకా చూసేవాళ్లున్నారని కొనేవాళ్లకు కళ్లారా తెలుస్తుంది. అది నిజంగా వచ్చినవాళ్లతోనే జరగాలి. లేని పార్టీని ఉన్నట్టు చెప్పే ఏజెంట్ మీతోనూ అలాగే చెబుతాడు.

ఇప్పుడు కొంచెం కష్టంగా ఉండే మాట. ఇల్లు చూపించేటప్పుడు మీరు అక్కడ ఉండకపోవడమే మేలు. మూడు గంటల ప్రయాణం, సెలవు, అలసట మీకే తెలుసు. వాటికి మించిన కారణం ఒకటుంది. ఓనర్ ఎదురుగా ఉంటే కొనేవాళ్లు మనసు విప్పి మాట్లాడుకోరు. అల్మారా తెరిచి చూడ్డానికి కూడా మొహమాటపడతారు. మొహమాటపడనివాళ్లు "ఎందుకు అమ్మేస్తున్నారండీ?" అని అడుగుతారు. "మేము అక్కడ ఇల్లు చూసుకున్నాం, ఇది పోతేనే దానికి డబ్బు" అని మీరు మామూలుగా చెప్పేస్తారు. మీకు తొందరగా ఉందని వాళ్లకు ఆ క్షణమే తెలిసిపోతుంది. తర్వాత బేరంలో ఆ మాట ఖరీదు చెల్లించేది మీరే.

తాళాల భయం మీకుంటే అది సహజమే. ఈ ఇంట్లో మనుషులున్నారు కాబట్టి తలుపు వాళ్లే తీస్తారు. వాళ్లు ఊళ్లో లేని రోజుల కోసం మాత్రం వాళ్ల ఒప్పుకోలుతో ఒక్క తాళంచెవి ఏజెంట్ దగ్గర ఉంచండి. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకున్నారో రాసిపెట్టమనండి. తాళంచెవి పెట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా ఉన్నాయి, ఎవరు ఎప్పుడు తెరిచారో వాటిలో నమోదవుతుంది. నంబర్లు తిప్పి తెరిచే మామూలు పెట్టెలో ఆ వీలు లేదు. అది వాడితే నంబర్ తరచూ మార్చాలి. నగలు, మందులు, బ్యాంకు కాగితాలు బయట ఉంచొద్దని అద్దెకున్నవాళ్లకు ముందే చెప్పండి.

ప్రతి ఫోన్‌నూ ఇంటిదాకా తీసుకురావాల్సిన పనీ లేదు. రాకముందే ఏజెంట్ మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. డబ్బు ఎలా సమకూరుతుంది, లోన్ అయితే బ్యాంకు ఎంతవరకు ఇస్తానంది? ఎప్పటిలోగా కొనాలనుకుంటున్నారు? నిర్ణయం తీసుకునేవాళ్లంతా ఒకేసారి వస్తారా? భర్త ఒకరోజు, భార్య ఇంకోరోజు, వాళ్ల నాన్నగారు మరోరోజు వస్తే అద్దెకున్నవాళ్ల ఓపిక మూడింతలు ఖర్చవుతుంది.

ఏజెంట్ "5 శాతం" అన్నాడని అతని మీద కోపం తెచ్చుకోకండి. కానీ అతని లెక్క వేరని గుర్తుంచుకోండి. అతని కమిషన్ 2 శాతం అనుకుంటే, ధర 100 నుంచి 95కి దిగితే మీకు పోయేది 5, అతనికి పోయేది 0.1. ఇల్లు వెంటనే అమ్ముడుపోతే అతని శ్రమ మిగులుతుంది. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని షికాగో పరిసరాల్లో జరిగిన లక్ష దాకా ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు, ఇతరుల ఇళ్లతో పోలిస్తే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. మీ ఏజెంట్‌తో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి, దెప్పిపొడవడానికి మాత్రం వాడకండి. రేపటి నుంచి పని చేసిపెట్టాల్సింది అతనే.

అతన్ని అడగాల్సింది ఒక్కటే, ఒక షీట్. ఫోన్ వచ్చిన తేదీ, వాళ్లు అడిగిన వేళ, మనమిచ్చిన వేళ, వచ్చారా లేదా, చూశాక ఏమన్నారు. చూసి వెళ్లిన మర్నాడే ఫోన్ చేసి అడిగితే నిజం చెబుతారు. వారం దాటితే "చూస్తున్నామండీ" అంటారు, అంతే. జారిపోయిన ఆ 31 మంది వివరాలు కూడా గుర్తున్నంతవరకు అందులో రాయమనండి. వాళ్లలో ఇంకా ఇల్లు కొననివాళ్లు ఉండొచ్చు. కొత్త వేళలు చెప్పి మొదటి ఫోన్లు వాళ్లకే చేయించండి.

ఇలా నాలుగు వారాలు నడపండి. 12 మందో 15 మందో సరైన వేళలో, వెలుతురున్నప్పుడు, ఇల్లు సర్ది ఉండగా చూసి వెళ్లాక కూడా ఎవరూ బేరానికి రాకపోతే, ఎక్కువమంది "ధర" అనే మాటే అంటుంటే, అప్పుడు ధర నిజంగానే ఎక్కువ. నేనే తగ్గించమంటాను. వాళ్లు "వంటగది పాతది", "గోడలు చెమ్మెక్కాయి" అంటుంటే, ఆ పనికి ఎంతవుతుందో కనుక్కుని తగ్గింపుతో పోల్చి చూడాలి. అసలు ఫోన్లే తగ్గిపోతే ప్రకటన, ఫొటోలు, ధర మూడూ చూడాలి. తగ్గించాల్సి వస్తే ఎంతన్నది షీట్‌లో వాళ్లు అన్న మాటలే చెబుతాయి. అది 5 కాక 2 కూడా కావచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. కొత్త ఇంటికి మీరు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి, మిగతా డబ్బు కట్టే గడువు దగ్గరపడుతుంటే నా లెక్క మారుతుంది. అడ్వాన్స్ పోయే పరిస్థితి ఉంటే నెలకు అర శాతం అన్న మాట చెల్లదు. మీ ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. అలా ఉంటే ఆ గడువు తేదీ, అడ్వాన్స్ ఎంతో వెంటనే నాకు రాయండి. లేకపోతే ఈ ఆదివారం ఎలాగూ అక్కడికి వెళ్తారు కదా, ఈసారి పార్టీలను ఎవరినీ పిలవకండి. అద్దెకున్నవాళ్లతో కూర్చుని, వాళ్లకు కుదిరే వేళలు రాసుకుని రండి.