క్రెడిట్ డెస్కు అడిగి తీసుకోండి

ప్రశ్న: ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్-2 (ఆఫీసర్ హోదాల్లో రెండో మెట్టు) మేనేజర్‌ని. ఏ బ్రాంచికి వెళ్లినా డిపాజిట్లు, లాకర్లు, గోల్డ్ లోన్లే నా వంతు. స్కేల్-3 ఇంటర్వ్యూలో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బు) గురించి అడిగితే తడబడ్డాను. ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) దాకా వెళ్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఏజీఎం అంటే స్కేల్-5. అప్పులు చూసిన అనుభవం లేకుండా అక్కడిదాకా వెళ్లడం కష్టం. ‘ఆడవాళ్లకు ఫీల్డు తిరుగుడెందుకు’ అంటూ మేలు చేస్తున్నట్టే కౌంటర్ పని అంటగడతారు. గోల్డ్ లోన్లు వందలిచ్చినా ఇంటర్వ్యూ బోర్డు పెద్దగా పట్టించుకోదు. తాకట్టు చేతిలో ఉన్నాక అంచనా వేసేదేముంది?

క్రెడిట్ డెస్కు (అప్పులు చూసే సీటు) కావాలని బ్రాంచి మేనేజర్ ద్వారా రీజినల్ ఆఫీసుకు రాసివ్వండి. నోటిమాట రికార్డులో ఉండదు. పుత్తూరో, పలమనేరో ఇస్తామంటే కాదనకండి. చిన్న బ్రాంచిలో అప్పు ప్రపోజల్ మొదటినుంచీ మీ చేతిమీదుగానే నడుస్తుంది.

పని నేర్చుకోవడానికి చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మంచి కేసు. నాయక్ కమిటీ (చిన్న పరిశ్రమల అప్పులపై రిజర్వు బ్యాంకు వేసింది) పద్ధతిలో వర్కింగ్ క్యాపిటల్‌కు అంచనా టర్నోవరులో, అంటే ఏడాది అమ్మకాల్లో, 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం పార్టీ (అప్పు తీసుకునేవాడు) తెచ్చుకోవాలి. ఏడాదంతా ఒకేలా సాగే వ్యాపారానికి అది చాలు. గుజ్జు యూనిట్ అలా కాదు. తోతాపురి కాయంతా సీజన్లోనే కొని, సరుకు నెలల తరబడి అమ్ముతుంది. 10 కోట్ల టర్నోవరుకు 2 కోట్ల లిమిట్ (వాడుకోగల అప్పు గరిష్ఠం) ఇస్తే సీజన్ మధ్యలోనే అయిపోయి, పార్టీ బయట వడ్డీకి తెస్తాడు. కాబట్టి నెలవారీ క్యాష్ బడ్జెట్ వేయించండి. ఏ నెలలో లోటు అన్నిటికంటే ఎక్కువో, దాన్నిబట్టే లిమిట్.

ఇక డ్రాయింగ్ పవర్ (డీపీ), అంటే చేతిలో ఉన్న సరుకునుబట్టి పార్టీ లిమిట్‌లోంచి తీసుకోగల మొత్తం. రైతులకు, మండీలకు ఇవ్వాల్సిన బాకీని స్టాకులోంచి తీసేయకుండా లెక్క కట్టేస్తుంటారు. స్టాకు 3 కోట్లు, బాకీ కోటి, మార్జిన్ (పార్టీ సొంత వాటా) 25 శాతం అయితే డీపీ కోటిన్నర. బాకీ మరిస్తే రెండుంపావు కోట్లవుతుంది. ముప్పావు కోటి అప్పనంగా పోయినట్టే! స్టాక్ స్టేట్‌మెంట్ (పార్టీ ఇచ్చే సరుకు లెక్క) 3 నెలలు దాటితే దానిమీద డ్రా చేసింది ఇర్రెగ్యులర్. అలా 90 రోజులు సాగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ). గోదాముకు మీరే వెళ్లి డ్రమ్ములు లెక్కపెట్టండి, వాటిమీది తయారీ తేదీలు చూడండి (పోయిన సీజన్ సరుకు ఇలాగే బయటపడుతుంది), ఆ రోజే నోట్ రాసి ఫైల్లో పెట్టండి. రేపు స్టాఫ్ అకౌంటబిలిటీ (అప్పు చెడితే సిబ్బంది తప్పెంతో తేల్చే విచారణ) అన్నప్పుడు అడిగేది ఆ కాగితమే.

ప్రశ్న: ప్రమోషన్ వస్తే ట్రాన్స్‌ఫర్ తప్పదు. పిల్లలు చిన్నవాళ్లు. ప్రమోషనే వద్దని రాసిచ్చేయనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తొందరపడకండి. వద్దన్నవాళ్లను కొంతకాలం ప్రమోషన్లకు పిలవని బ్యాంకులున్నాయి; ముందు మీ పాలసీ చదవండి. పెళ్లయిన మహిళలను వీలైనంతవరకు భర్త పనిచేసే చోటో, దగ్గర్లోనో వేయాలని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2014లోనే ప్రభుత్వ బ్యాంకులకు చెప్పింది. అది హక్కు కాదు, అడగడానికి ఆధారం. మీవారి ఉద్యోగ ధ్రువపత్రం, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు జతచేసి, ట్రాన్స్‌ఫర్ జాబితా రాకముందే దరఖాస్తు పెట్టండి. ఊళ్లపేర్లు ఒక్కటి కాదు, మూడు నాలుగు రాయండి.