ఆ చిన్న ముద్రను సరిగ్గా చదవాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. పదకొండేళ్లు జర్మనీలో ఉండి ఈ మధ్యే కరీంనగర్ తిరిగొచ్చాను. మా విడాకులు అక్కడి కోర్టులోనే అయ్యాయి. ఇప్పుడు ఆ కాగితాలు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో పెట్టాలి. ఫోన్‌లో యాప్‌తో ఇంగ్లిష్‌లోకి మార్చి ఇస్తే మా లాయరు గారు చదివి, ‘ఇది ఫైనల్ అయిందో లేదో దీన్నిబట్టి చెప్పలేనమ్మా’ అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. జర్మన్ నాకు మాట్లాడేంత వచ్చు. నేనే సరిచేసి ఇవ్వొచ్చా? కాగితాల కాపీలు జతచేశాను.
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు పంపినవన్నీ చదివానమ్మా. స్టుట్‌గార్ట్‌లో పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని ఇలాంటి కోర్టు కాగితాల అనువాదమే. కంగారు పడకండి. మీ జర్మన్ కాగితాల్లో లోపం లేదు, ఇబ్బందంతా అనువాదంతోనే.

మొదటి పేజీలో పైన, కుడివైపు చిన్న ముద్ర ఉంది చూడండి. అందులో ‘రెఖ్ట్స్‌క్రెఫ్టిగ్ జైట్’ అని ఉంది, పక్కన పెన్నుతో 04.05.2023 అని రాసి, కింద కోర్టు ఆఫీసు ఉద్యోగి సంతకం పెట్టారు. మీ లాయరు గారు వెతుకుతున్నది దాన్నే. యాప్ దాన్ని ‘లీగల్లీ వాలిడ్’ అని మార్చింది. ఏ తీర్పయినా చెల్లుతుంది కదా, అందులో కొత్తగా తెలిసేదేముంది? రెఖ్ట్స్‌క్రెఫ్టిగ్ అంటే ఇక మామూలు అప్పీలుకు దారి లేదని. రాతపూర్వకంగా ఆర్డర్ చేతికందాక అక్కడ అప్పీలుకు ఒక నెల గడువు ఉంటుంది. మామూలుగా అది దాటాక ఈ ముద్ర వేస్తారు. నేనైతే ‘ఫైనల్ అండ్ బైండింగ్ సిన్స్’ అని రాస్తాను.

తేదీ కూడా తప్పింది. జర్మనీలో మనలాగే రోజు ముందు, నెల తరువాత. యాప్ అమెరికా పద్ధతిలో చదివి 04.05ను ఏప్రిల్ 5 చేసింది. మీ ఆర్డరేమో 23.03.2023న వచ్చింది. అంటే పదమూడు రోజులకే, అప్పీలు గడువు తీరకముందే ఫైనల్ అయిపోయినట్టు కనిపిస్తోంది. ఏ లాయరుకైనా అనుమానం రాదా? కోర్టు కాగితంలో నెలను అక్షరాల్లో రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ‘బెష్లుస్’ను యాప్ ‘రిజల్యూషన్’ అంది. అది ఆర్డర్. 2009 సెప్టెంబరు 1 నుంచి అక్కడ విడాకులు ఇచ్చేది బెష్లుస్ రూపంలోనే, అంతకుముందు ‘ఉర్టైల్’, అంటే జడ్జిమెంట్. ‘ఆమ్ట్స్‌గెరిఖ్ట్’ను డిస్ట్రిక్ట్ కోర్ట్ అని రాసినా ఒప్పుకోకండి. మన దగ్గర ఆ పేరుకు వేరే స్థాయి ఉంది. జర్మన్ పేరు అలాగే ఉంచి, పక్కన లోకల్ కోర్ట్ అని ఒకసారి రాస్తే చాలు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది మూడో పేజీలోని ఒక వాక్యం. మీవారు విడాకులకు ‘త్సుష్టిమ్ట్’ అని అందులో ఉంది. అంటే సమ్మతించారని. యాప్ దాన్ని ‘అభ్యంతరం చెప్పలేదు’ అనే అర్థంలో రాసింది. రెండూ ఒకటి కావమ్మా. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకు అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకుల మీద మన సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం, అధికారం విదేశీ కోర్టుకు ఉండాలంది. లేకపోతే ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద నడిచిన కేసులో అవతలి పక్షం మనస్ఫూర్తిగా హాజరై వాదించి ఉండాలి, లేదా విడాకులకు సమ్మతించి ఉండాలి. జర్మనీలో విడాకులకు కారణం ఒకటే: వివాహం విఫలమైంది. మన హిందూ వివాహ చట్టంలో ఆ పేరుతో కారణం లేదు. కాబట్టి మీ కేసంతా ఆ సమ్మతి మీదే నిలబడవచ్చు. ఊరుకోవడం వేరు, సరేననడం వేరు. ఆ రోజు విచారణలో ఆయన చెప్పింది ‘ప్రోటోకోల్’లో, అంటే విచారణ రికార్డులో ఉంటుంది. దాన్ని కూడా తెప్పించి అనువాదం చేయించండి.

మూడేళ్ల కిందట గుంటూరు అమ్మాయి ఒకామె కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. ‘ఫెర్‌జోర్గుంగ్స్‌ఔస్‌గ్లైష్’ను ఎవరో మెయింటెనెన్స్ అని రాసిచ్చారు. అది భరణం కాదు, పెళ్లయినప్పటి నుంచి ఇద్దరూ సంపాదించుకున్న పెన్షన్ హక్కులను సమంగా పంచడం. ఆ ఒక్క మాట చూసి అవతలివాళ్లు ‘మీకు భరణం ముట్టింది కదా’ అన్నారట. ఆమె ఫోన్‌లో ఏడ్చింది. మీ ఆర్డర్‌లోనూ ఆ మాట రెండుచోట్ల ఉంది.

ఇక మీరే సరిచేయడం గురించి. వద్దమ్మా. మీరు కేసులో ఒక పక్షం, మీ అనువాదాన్ని అవతలివాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు. జర్మన్ కోర్టుల్లో ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు. పూర్తిగా, సరిగ్గా అనువదించామని రాసి, సంతకం చేసి, ముద్ర వేసిస్తారు. గుండ్రటి సీలులోని అక్షరాలు కూడా వాళ్లు వదలరు. అది వచ్చాక మీ జర్మన్‌తో పక్కన పెట్టుకుని, పేర్లు, తేదీలు, నేను చెప్పిన మాటలు సరిచూసుకోండి.

మీరు పంపినవి జిరాక్సులు. వాటితో పని జరగదు, కోర్టు సర్టిఫై చేసిన కాపీ కావాలి. అది మన దేశంలో చెల్లడానికి ఇంకే ధ్రువీకరణ కావాలో లాయరు గారిని ముందే అడగండి. ఇంకో సంగతి, మీ ఆర్డర్‌లో ‘గ్రుండె’ అనే భాగం, అంటే కారణాలు, ఉన్నాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కారణాలు వద్దని ఇద్దరూ అంటే జర్మన్ కోర్టు అవి రాయకుండానే విడాకులు ఇవ్వగలదు. అలాంటి ఆర్డర్ ఉన్న పాఠకులు ఎవరైనా ఉంటే, విదేశంలో వాడుకోవాలని చెప్పి కారణాలు చేర్చమని ఆ కోర్టునే కోరవచ్చు. విదేశీ తీర్పులు మన దగ్గర ఎప్పుడు చెల్లవో చెప్పేది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13. కారణాలు లేని తీర్పు దాని దగ్గర చిక్కుల్లో పడవచ్చు.

మీరు ఈ వారమే విడాకులిచ్చిన ఆ జర్మన్ కోర్టుకు ఉత్తరం రాయండి. ఆర్డర్ పైన, మధ్యలో ‘ఎఫ్’ అక్షరం ఉన్న నంబరు మీ ఫైలుది. దాన్ని తప్పకుండా వేసి, ముద్రతో ఉన్న సర్టిఫైడ్ కాపీ, ప్రోటోకోల్ రెండూ ఒకే ఉత్తరంలో అడగండి.