చెకర్‌బోర్డ్ బాగానే వేస్తారు, మరి తేడా ఎక్కడ కొడుతోంది?

మీ ప్రశ్న: "మా బీఎస్సీ పిల్లలు జెనెటిక్స్ లెక్కలు తప్పు లేకుండా చేస్తారు. కాస్త తిప్పి అడిగితే నీళ్లు నములుతారు. ఎందుకు?" డిగ్రీ పిల్లలకు పదకొండేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. నాకు ఎదురైనవి రాస్తాను.

చిక్కంతా ఆ చెకర్‌బోర్డులోనే ఉంది, అంటే తల్లి నుంచి వచ్చేవి ఒక అంచునా, తండ్రి నుంచి వచ్చేవి ఇంకో అంచునా రాసి, బిడ్డకు రాగల జతలను గడుల్లో నింపే పట్టికలో. అందులోని నాలుగు గడులను పిల్లలు నలుగురు బిడ్డలుగా చదువుతారు. మొదటి ఏడాది తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉదాహరణ ఇచ్చాను. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లు (జతలో ఒకటే జబ్బు జన్యువు ఉండి, తమకు జబ్బు లేనివాళ్లు), బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఎంత? పావు వంతు అని క్లాసంతా రాసింది. సరే, మొదటి బిడ్డకే జబ్బు వచ్చింది, రెండో బిడ్డ సంగతేంటి అన్నాను. ఎప్పుడూ ఫస్ట్ వచ్చే అమ్మాయి లేచి, "ఇంక భయం లేదు మేడమ్, మిగతా ముగ్గురూ బాగానే ఉంటారు" అంది. జబ్బు గడి ఒకటి అయిపోయిందని కొట్టేసిందన్నమాట! పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి ఎగరేయించాను. బొమ్మ పడింది. "ఇందాక బొమ్మ పడిందని బిళ్లకి గుర్తుంటుందా?" అంటే అందరూ నవ్వారు. రెండో బిడ్డకీ అదే పావు వంతు. అదే వారం స్లిప్ టెస్టులో సగం మంది మళ్లీ పాత జవాబే రాశారు.

ఇందులోనే ఇంకో మెలిక. ఆ బిడ్డకు జబ్బు లేని అక్క ఉందనుకోండి, ఆమె క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? అందరూ సగం అంటారు. ఆమెకు జబ్బు లేదని మనకు తెలుసు, కాబట్టి ఇక్కడ మాత్రం ఆ గడి నిజంగానే కొట్టేయాలి. మిగిలిన మూడింటిలో రెండు క్యారియర్లవి, అంటే 2/3. కొట్టేయకూడని చోట కొట్టేసి, కొట్టేయాల్సిన చోట వదిలేస్తారు.

అక్షరాలది ఇంతకన్నా పెద్ద గొడవ. ఒకే జన్యువు రెండు రూపాలకు పెద్ద ఏ, చిన్న ఏ అని గడగడా రాసే పిల్లాణ్ణి, అవి కణంలో ఎక్కడుంటాయో బొమ్మ గీయమనండి. ఎక్స్ ఆకారంలో ఒక క్రోమోజోమ్ (జన్యువులను మోసే పోగు) గీసి, ఒక కాలు మీద పెద్ద ఏ, ఇంకో కాలు మీద చిన్న ఏ పెడతాడు. పుస్తకంలో ఆ ఎక్స్ బొమ్మ చూసి, అదే తల్లిదీ తండ్రిదీ కలిసిన జత అనుకుంటాడు పాపం. నిజానికి ఆ రెండు కాళ్లూ ఒకదానికొకటి నకళ్లు. "జెరాక్స్ తీస్తే అక్షరం మారుతుందా నాయనా?" అంటాను. ఇప్పుడు నేను ఊలు పట్టుకెళతాను. అమ్మ నుంచి వచ్చింది ఎరుపు, నాన్న నుంచి వచ్చింది నీలం. ఎరుపుకి నకలు ఎరుపే, నీలానికి నీలమే. చీటీలు అతికించి, బల్ల మీద మియాసిస్ (జతలు విడిపోయే కణవిభజన) చేయిస్తాను. క్రాసింగ్ ఓవర్ (జత పోగులు ముక్కలు మార్చుకోవడం) జోలికి ఆ రోజు అస్సలు వెళ్లను. ఎరుపూ నీలమూ విడిపోవడం చేత్తో చేశాక గానీ, చెకర్‌బోర్డు అంచుల మీద రాసే అక్షరాలు సంయోగబీజాలవని, అంటే అండానివీ శుక్రకణానివీ అని, చాలామందికి వెలగదు.

డామినెంట్ (జతలో ఒక్కటే ఉన్నా బయటపడే జన్యు రూపం) అంటే బలమైనదనీ, జనంలో ఎక్కువగా ఉండేదనీ మరో భ్రమ. తెలుగు మీడియంలో డామినెంట్‌ని బహిర్గతం, దాని చాటున దాగిపోయే రిసెసివ్‌ని అంతర్గతం అని చదువుకున్నవాళ్లకు ఈ బాధ కొంత తక్కువని నా అనుమానం. ఆ మాటలోనే బయటపడేదని ఉంది, పెత్తనం లేదు. క్లాసులో 'ఓ' బ్లడ్ గ్రూపు వాళ్లను చేతులెత్తమంటాను. ఏటా బోలెడు చేతులు లేస్తాయి, అదేమో అంతర్గతం. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగా వస్తుంది, క్లాసులో ఒక్కరికి ఉంటే గొప్ప. ఎమ్మెస్సీ దాకా నాకూ ఇది సరిగ్గా తెలియదు, సిగ్గేం లేదు. 1908లో పెద్దవాళ్లకే వచ్చిన సందేహం ఇది. పొట్టి వేళ్లు బహిర్గతమైతే, కాలక్రమంలో జనంలో ముప్పాతిక మందికి అవే రావాలి కదా అని గణాంకవేత్త యూల్ అభ్యంతరం చెప్పారట. ఆ చిక్కు జన్యుశాస్త్రవేత్త పనెట్ ద్వారా గణితవేత్త హార్డీకి చేరింది. పనెట్ అంటే మన చెకర్‌బోర్డు పనెట్టే, హార్డీ అంటే తర్వాత రామానుజన్‌ని కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే. బహిర్గతమైనంత మాత్రాన ఏదీ తనంతట తాను పెరిగిపోదని ఆయన చిన్న లెక్కతో తేల్చేశారు. ఈ కథ చెబితే పిల్లల ముఖాల్లో టెన్షన్ పోతుంది.

కాలేయానికి ఒక రకం జన్యువులు, కంటికి ఇంకో రకం అనుకునేవాళ్లూ ఉంటారు. ఉన్నవి దాదాపు అవే, పనిచేసేవి వేరని చెబితే అది త్వరగానే సర్దుకుంటుంది.

మీరు చేయాల్సిందల్లా ప్రశ్న మార్చడమే. నిష్పత్తి మీరే ఇచ్చేయండి, అది ఎలా వచ్చిందో క్రోమోజోముల బొమ్మ వేసి చూపించమనండి. ఊలు తీసుకెళితే మాత్రం ముందే జానెడు ముక్కలు కోసి పెట్టుకోండి. మొదటిసారి నేను ఉండ పళంగా పట్టుకెళ్లాను, పీరియడంతా చిక్కు తీయడానికే సరిపోయింది.