బోర్డు ముందు గొంతు పెగలడం లేదు

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు పల్లె. పెళ్లయ్యాక, మా ఆయన ప్రోత్సాహంతో నెల్లూరులో బి.ఇడి.లో చేరాను. తోటి విద్యార్థులకే కొద్ది నిమిషాల పాఠం చెప్పి సాధన చేసే మైక్రో టీచింగ్‌లో, వాళ్ల ముందు నిలబడగానే బట్టీ పట్టిన పాఠం సగంలో మరిచిపోయాను. నా మెట్ట యాసకు ఎవరో నవ్వారు. అప్పటినుంచి నా వంతు వచ్చిన రోజున కాలేజీకి వెళ్లడం లేదు. ఇంట్లో చెప్పలేదు. చదువు మానేయమంటారా?

జవాబు: మానేయవద్దమ్మా. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది గొంతు పెగలకపోవడం కాదు, వంతు వచ్చిన రోజున ఇంట్లో ఉండిపోవడం. తప్పించుకున్న పూట కలిగే ఊరటే మరుసటిసారికి భయాన్ని పెంచుతుంది. పైగా థియరీ, ప్రాక్టికల్స్‌కు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి.

నెల్లూరు దగ్గరి పల్లిపాడులో 1921లో ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీగారు, బొంబాయిలో తన మొదటి కేసులో సాక్షిని ఒక్క ప్రశ్నయినా అడగలేక కూర్చుండిపోయి, 30 రూపాయల ఫీజు వదులుకున్నారు. దక్షిణాఫ్రికా వెళ్లేదాకా ఆయన మళ్లీ కోర్టుకు వెళ్లలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన దారిన నడవకండి.

మైక్రో టీచింగ్‌లో 6 నిమిషాల బోధన, 6 నిమిషాల సూచనలు, 12 నిమిషాల పునఃప్రణాళిక, ఆ తరువాత మళ్లీ 6 నిమిషాల బోధన, 6 నిమిషాల సూచనలు ఉంటాయని మీకు తెలిసిందే. మొదటిసారి తడబడతారని తెలిసే రెండో అవకాశాన్ని అందులో పెట్టారు. మీరు దానిదాకా రాకుండానే వెనుదిరిగారు.

బట్టీ పట్టిన పాఠంలో ఒక మాట జారితే తక్కినదంతా దానితో పోతుంది. కాబట్టి మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేలా చూసుకుని, మిగిలిన పాఠానికి నాలుగైదు మాటలు చీటీ మీద రాసుకుని, మూడో వాక్యంగా తరగతిని ఒక ప్రశ్న అడగండి. వాళ్లు జవాబు వెతుక్కునేలోగా మీకు ఊపిరి కుదురుతుంది. యాస గురించి దిగులు వద్దు. పదాలు స్పష్టంగా, నిదానంగా పలికితే చాలు. రేపు మెట్ట పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ యాస మీకు అక్కరకే వస్తుంది.

మిమ్మల్ని చదివిస్తున్న మనిషి దగ్గర ఈ సంగతి దాచడం వల్ల భయానికి తప్పు చేశామన్న భావం కూడా తోడవుతోంది. ఈ రాత్రే చెప్పి, రోజూ కాసేపు ఆయననే విద్యార్థిగా కూర్చోబెట్టండి. ఇంత చేసినా నిద్ర పట్టనంత ఆందోళన ఉంటే మానసిక వైద్యులను కలవాలి. లేకుంటే, వంతు కోసం ఎదురుచూడకుండా రేపే మీ అధ్యాపకుల దగ్గరికి వెళ్లి, నలుగురు స్నేహితురాళ్ల ముందు, ఆగిన ఆ పాఠాన్నే మళ్లీ చెప్పడానికి అనుమతి అడగండి.